కాటా ఎక్కకముందే చెప్పాల్సిన మాట

చీమకుర్తి క్వారీలో ఒక రాత్రి పదకొండింటికి నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ట్రైలర్ చేతికొచ్చి మూడు నెలలే అయింది. క్రేన్ గెలాక్సీ రాతి బ్లాకును ఎత్తి ప్లాట్‌ఫారం మీద దించుతోంది. చూస్తుండగానే, ట్రైలర్‌ను లాగే హార్స్ వెనక కమాన్ కట్టలు ఒక్కో పట్టీ సర్దుకుంటూ, ఉన్న వంపంతా పోయి, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అయిపోయాయి. కట్ట వంపు పోయిందంటే ఏమిటో క్లీనరుగా నాలుగు నెలలు చేసినవాడికైనా తెలుసు. నాకూ తెలుసు. గుమాస్తా కాగితం చేతిలో పెట్టి, "ఇరవై టన్నులు కూడా లేదు తమ్ముడూ, నీ పాసింగ్ లోపలే, పోనీ" అన్నాడు. కాగితం జేబులో పెట్టుకుని బండెక్కాను.

కావలి దాటాక హార్స్ వెనక ఇరుసుకు ఎడమవైపు లోపలి టైరు పేలింది. దాని బరువంతా మీద పడి పక్క టైరు కూడా పోయింది. వెనక స్కూటర్ మీద వస్తున్న భార్యాభర్తలు రబ్బరు ముక్కల్ని తప్పించబోయి రోడ్డు అంచున మట్టిలో పడ్డారు. ఆవిడ ఒళ్లో బిడ్డ. దేవుడి దయ వల్ల మోచేతులు కొట్టుకుపోవడంతో సరిపోయింది. ఆ బిడ్డ ఏడుపు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత నన్ను చాలా కాలం తొలిచిన విషయం ఒకటుంది. చెన్నై హార్బరు దగ్గర కాటా ఎక్కిస్తే బండి మొత్తం బరువు ముప్పై ఎనిమిది టన్నులు తూగింది. ఆ రోజుల్లో మా పద్దెనిమిది చక్రాల బండి హద్దు 40.2 టన్నులు. అంటే చట్టం చెప్పిన మొత్తం బరువు నేను దాటనే లేదు. మరి టైరు ఎందుకు పేలింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. మీకు ఈ అధ్యాయం చదివేంత సమయం చాలు.

మా తాతగారు ఎడ్లబండికి వడ్ల బస్తాలు ఎక్కించేటప్పుడు ఎన్ని బస్తాలన్నది తర్వాతి మాట, ఎక్కడ పెట్టాలన్నదే ముందు చూసేవారు. బస్తాలు ముందుకు పడితే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి పడితే కాడి గాల్లోకి లేస్తుంది. రెండు బస్తాలు అటూ ఇటూ జరిపి, కాడి కింద చెయ్యి పెట్టి చూసి, "ఇప్పుడు సరిపోయింది" అనేవారు. ట్రైలర్‌కు కింగ్ పిన్ అంటే ఆ కాడే. హార్స్ అంటే ఆ ఎడ్లే. చక్రాలు పద్దెనిమిదయ్యాయి, ఎద్దుల స్థానంలో ఇంజను వచ్చింది, ఇరుసు లెక్క మాత్రం అదే.

అందుకే చట్టం కూడా బరువును రెండు రకాలుగా చూస్తుంది. ఒకటి బండి మొత్తం బరువు, రెండోది ఒక్కో ఇరుసు మీద పడే బరువు. మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ కింద కేంద్రం ఈ హద్దులు ప్రకటిస్తుంది. 1996 నాటి హద్దుల్ని 2018 జూలై 16న పెంచారు. ముందు ఇరుసుకు ఆరు టన్నులుండేది ఏడయింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 ఉండేది 11.5 అయింది. జంట ఇరుసులకు 19 నుంచి 21, మూడిరుసుల సెట్టుకు 24 నుంచి 27. వీటిని కూడితే చాలు, మీ బండి హద్దు మీకే తెలుస్తుంది. పద్దెనిమిది చక్రాల బండికి 7, 11.5, 27 కలిపితే 45.5 టన్నులు. ఇరవై రెండు చక్రాలదానికి 7, 21, 27 కలిపితే 55. పాత 49 టన్నుల గరిష్ఠ హద్దు ఈ 55కి పెరిగింది.

ఒక్క జాగ్రత్త. నోటిఫికేషన్‌లో ఏ అంకె ఉన్నా రోడ్డు మీద మీ హద్దు మీ ఆర్‌సీలో రాసి ఉన్న అంకే. స్థూల బరువుతో పాటు ఒక్కో ఇరుసు బరువూ ఆర్‌సీలో ఉండాలని ఆ 58వ సెక్షనే చెబుతోంది. ఎందరో డ్రైవర్లు పదేళ్లు బండి నడిపి కూడా ఆ పేజీ తెరిచి చూడరు. ఇది చదువుతున్న మీరు ఈ రోజే తెరవండి. అంకెల్ని ఒక చీటీ మీద రాసి, స్టీరింగ్ ముందు, దేవుడి పటం పక్కన అంటించండి.

ఇప్పుడు నా కావలి ప్రశ్నకు వద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి 24 టన్నుల స్టీలు కాయిల్ ఒకటి తీసుకుందాం. పద్దెనిమిది చక్రాల బండి. కింగ్ పిన్ నుంచి ట్రైలర్ మూడిరుసుల మధ్యకు ఎనిమిది మీటర్లు. ఖాళీ బండిని తూస్తే ముందు ఇరుసు మీద నాలుగున్నర టన్నులు, హార్స్ వెనక ఇరుసు మీద నాలుగున్నర, ట్రైలర్ ఇరుసుల మీద ఆరు, మొత్తం పదిహేను. కాయిల్‌ను ఆ ఎనిమిది మీటర్లకు సరిగ్గా మధ్యలో పెట్టారు. చూసేవాళ్లకు చక్కగా, సమంగా కనిపిస్తుంది. క్రేన్ అబ్బాయి కూడా మధ్యలోనే పెడతాడు, అతని తప్పేమీ లేదు.

మధ్యలో పెడితే సగం బరువు, అంటే పన్నెండు టన్నులు, కింగ్ పిన్ మీదకు వస్తుంది. కింగ్ పిన్ కూర్చునే ఫిఫ్త్ వీల్ హార్స్ వెనక ఇరుసుకు కొంచెమే ముందుంటుంది కాబట్టి ఆ పన్నెండులో సుమారు పది వెనక ఇరుసే మోయాలి, రెండు ముందు ఇరుసుకు పోతుంది. నాలుగున్నరకు పది కలిపితే పద్నాలుగున్నర. ఆ ఇరుసు హద్దు పదకొండున్నర. మూడు టన్నులు ఎక్కువ! మొత్తం చూస్తే ముప్పై తొమ్మిదే. హద్దుకు ఇంకా ఆరున్నర టన్నులు తక్కువ. కాగితం మీద అండర్‌లోడు, ఇరుసు మీద ఓవర్‌లోడు. కావలి దగ్గర నాకు జరిగిందిదే.

ఇప్పుడు అదే కాయిల్‌ను మీటరున్నర వెనక్కి జరపండి. 24 టన్నుల్ని ఎనిమిది మీటర్లతో భాగిస్తే మీటరుకు మూడు టన్నులు. ఒక్కో మీటరు వెనక్కి జరిపేకొద్దీ కింగ్ పిన్ మీద మూడేసి టన్నులు తగ్గి ట్రైలర్ ఇరుసుల మీదకు పోతాయి. మీటరున్నరకు నాలుగున్నర. కింగ్ పిన్ మీద ఏడున్నర మిగులుతుంది. హార్స్ వెనక ఇరుసు బరువు పదీ ముప్పావుకు దిగుతుంది. ట్రైలర్ ఇరుసులు ఇరవై రెండున్నర మోస్తాయి, వాటి హద్దు ఇరవై ఏడు. ఒక్క కిలో దించలేదు, ఒక్క రూపాయి కిరాయి తగ్గలేదు. అయినా బండి ఇప్పుడు చట్టం లోపల ఉంది, టైరు ప్రాణం లోపల ఉంది.

ఆ రాత్రి నేను చెప్పాల్సిన మాట ఇంతే: "అన్నా, ఇంకో మీటరున్నర వెనక్కి."

అలాగని మరీ వెనక్కి తోసేయకూడదు. తాతగారి కాడి లేచినట్టే హార్స్ వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. వాన రోజున మొగిలి ఘాట్ లాంటి చోట పట్టు లేని హార్స్‌ను వెనక ట్రైలర్ తోసిందంటే బండి కత్తెరలా మడుచుకుపోతుంది. కాడి మెడ మీద ఆనాలి, మెడను అణచకూడదు.

బ్లాకు బరువు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గుమాస్తా ఆ రాత్రి అబద్ధం చెప్పాడని నేను అనుకోను. అతను బిల్లు కొలత చూసి చెప్పాడు. రాయిని అమ్మేటప్పుడు అంచుల్లో చెక్కి తీసేయాల్సిన భాగాన్ని వదిలి నికర కొలత వేస్తారు. రెండు మీటర్ల ఎనభై పొడవు, మీటరు అరవై వెడల్పు, మీటరున్నర ఎత్తు అని బిల్లులో ఉందనుకోండి. గుణిస్తే 6.72 ఘనపు మీటర్లు. గెలాక్సీ రాయి ఘనపు మీటరుకు సుమారు 2.9 టన్నులు. పంతొమ్మిదిన్నర టన్నులన్న మాట. మీరు టేపు పెట్టి బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే ఒక్కో కొలతా పది సెంటీమీటర్లు ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు దాదాపు ఇరవై మూడు టన్నులు. బెత్తెడంత తేడా మూడు కొలతల్లో కలిసేసరికి మూడున్నర టన్నులయింది. కాబట్టి రాయి వేసుకునే డ్రైవరు క్యాబిన్‌లో టేపు ఉండాలి, ఫోనులో క్యాలిక్యులేటర్ ఎలాగూ ఉంది. వానలో తడిసిన ఇసుకకూ బొగ్గుకూ ఇదే మాట. నీళ్ల బరువు బిల్లులో రాయరు, కాటా మాత్రం తూస్తుంది.

కాటా దగ్గర చాలామంది మొత్తం బరువు చీటీ తీసుకుని వచ్చేస్తారు. ఇంకో పది నిమిషాలు ఆగితే అదే కాటా మీ ఇరుసుల లెక్క కూడా చెబుతుంది. ముందు ఇరుసు ఒక్కటే ప్లాట్‌ఫారం ఎక్కించి ఆపండి, అంకె రాసుకోండి. మెల్లగా ముందుకు వెళ్లి హార్స్ వెనక ఇరుసు కూడా ఎక్కాక ఆపి రాసుకోండి. చివరికి మొత్తం బండి. పైన చెప్పిన కాయిల్ మధ్యలో ఉంటే మీకు ఆరున్నర, ఇరవై ఒకటి, ముప్పై తొమ్మిది అని వస్తాయి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే హార్స్ వెనక ఇరుసు, మూడో దాంట్లోంచి రెండోది తీసేస్తే ట్రైలర్ ఇరుసులు. కాటా ముందూ వెనకా నేల ప్లాట్‌ఫారంతో సమంగా ఉండాలి, ఎత్తుపల్లాలుంటే అంకె మారుతుంది. ఆపినప్పుడు బ్రేకు వదిలేసి చక్రాలను నిమ్మళంగా నిలబడనివ్వండి. ఒకసారి ఖాళీ బండితో, ఒకసారి లోడుతో చేశారంటే మీ బండి స్వభావం మీకు జీవితాంతం గుర్తుంటుంది.

ఇదంతా నా టైర్లకోసం మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర రోడ్లు ప్రత్యేకంగా వేసి, సైనికుల చేత లారీలు రాత్రింబవళ్లు తిప్పించి పరీక్ష చేశారు. ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అక్కడ తేలింది. మన దేశంలో తారు రోడ్ల మందం లెక్కలు ఇప్పటికీ ఆ దారిలోనే వేస్తున్నారు. అంటే ఇరుసు బరువు ఐదో వంతు పెరిగితే నష్టం రెట్టింపు. బరువే రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన కాయిల్ ఉదాహరణలో పదకొండున్నర బదులు పద్నాలుగున్నర మోసిన ఆ ఒక్క ఇరుసు రోడ్డును రెండున్నర రెట్లు ఎక్కువ నలిపింది. ఆ గుంతలో రేపు పడేది మన టైరే, మన ఊరి ఆటోనే, మన పిల్లల స్కూలు బస్సే.

ఇక అసలైన ఓవర్‌లోడు. జరిపితే సర్దుకునేది కాదు, దించాల్సిందే. ఇక్కడే ఎక్కువమంది నోరు పడిపోతుంది.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే ఓనరు ముందు నిలబడేది ఆ లెక్కే. 2019 సెప్టెంబర్ 1 నుంచి 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు జరిమానా ఇరవై వేలు, పైన ఉన్న ప్రతి టన్నుకూ ఇంకో రెండు వేలు. అంతకుముందు రెండు వేలు, టన్నుకు వెయ్యి ఉండేది. 55 టన్నుల బండి 64 మోస్తే తొమ్మిది టన్నులు ఎక్కువ. జరిమానా ముప్పై ఎనిమిది వేలు. టన్నుకు వెయ్యి కిరాయి అనుకుంటే ఆ తొమ్మిది టన్నుల మీద వచ్చేది తొమ్మిది వేలు. నాలుగు ట్రిప్పులు తప్పించుకుని ఐదోసారి దొరికినా ఆ నాలుగింటి లాభం పోయి, చేతి నుంచి ఇంకో రెండు వేలు పడతాయి. దించే ఖర్చు వేరే. టైర్లు, కట్టలు, బేరింగులు, డీజిల్ ఇంకా లెక్కలోకి రానేలేదు.

జరిమానా కట్టేస్తే అదే లోడుతో పోవచ్చన్న నమ్మకం ఒకటి మన లైన్లో బాగా పాతుకుపోయింది. అది తప్పు. 2005 నవంబర్‌లో పరమ్‌జిత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. డబ్బు కట్టినంత మాత్రాన అదనపు బరువు న్యాయమైపోదు, దించాకే బండి కదలాలి. 114వ సెక్షన్ కింద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని తూకానికి పంపవచ్చు. కాటా మీరు వెళ్లే దారిలో పది కిలోమీటర్ల లోపు గానీ, గమ్యానికి ఇరవై కిలోమీటర్ల లోపు గానీ ఉండాలి. ఎక్కువుంటే దించమని రాతపూర్వకంగా ఆదేశిస్తారు. దించిన సరుకు బాధ్యత మీదే. ఆపమంటే ఆపకుండా, తూకానికి ఒప్పుకోకుండా పోతే జరిమానా నలభై వేలు. ఓనర్లకు ఇంకో మాట: డ్రైవరు మోసిన ఓవర్‌లోడు యజమానికి తెలిసే, లేదా అతను చెప్పగానే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్‌లో ఉంది. "డ్రైవర్ చేశాడు, నాకు తెలీదు" అన్న మాట అక్కడ తేలిగ్గా నిలవదు. టన్నుల లెక్కన బత్తా ఇస్తూ ఓవర్‌లోడు వద్దని చెప్పే ఓనరు రెండు నాలుకలతో మాట్లాడుతున్నట్టే. బత్తా ట్రిప్పుకు కట్టండి, కిలోమీటరుకు కట్టండి, టన్నుకు మాత్రం వద్దు.

ఇవన్నీ తెలిసినా గుమాస్తా ముందు మాట పెగలదు. కారణం పిరికితనం కాదని నేను చెబుతాను. మాట చెప్పే వేళ దాటిపోవడం వల్ల పెగలదు. లోడు ఎక్కాక, తాళ్లు బిగించాక, అడ్వాన్సు జేబులో పడ్డాక "ఎక్కువైంది" అంటే అది గొడవ. క్రేన్ కిరాయి మళ్లీ కావాలి, హమాలీలు విసుక్కుంటారు, వెనక బండ్లు హారన్ కొడతాయి. అదే మాట ఫోనులో, బండి పెట్టకముందు చెబితే అది బేరం. బేరంలో అంకె చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు.

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్ల చేత నేను ఇది అభ్యాసం చేయిస్తాను. నేను గుమాస్తా, వాడు డ్రైవరు. పల్నాడు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదటిసారి ఇలా అన్నాడు: "అంటే అన్నా... బండి కొంచెం పాతది... ఓనరు గారు తిడతారేమో..."

"అయితే నేను ఓనరుతో మాట్లాడతాలే, ఎక్కించు" అన్నాను గుమాస్తాలాగా. వాడికి మాట లేదు. సాకు చెబితే సాకును తీసేస్తారు, లోడు మిగిలిపోతుంది.

నాలుగోసారికి వాడు ఇలా చెప్పాడు: "అన్నా, నా పాసింగ్ ముప్పై టన్నులు. ముప్పై లోపు అయితే తెల్లారేసరికి బండి పెడతాను."

"ముప్పై ఆరుంది. పక్క బండివాడు వేసుకుపోతానంటున్నాడు."

"సరే అన్నా. ముప్పైది ఉన్నప్పుడు నాకు ఫోన్ చెయ్యండి."

చూడండి, ఇందులో క్షమాపణ లేదు, కోపం లేదు, పాత బండి ప్రస్తావన లేదు, ఓనరు పేరు లేదు. అంకె ఉంది, తలుపు తెరిచి ఉంది. ఇలా మాట్లాడటం మొదలుపెట్టిన కొత్తలో లోడ్లు పోతాయి. నాకూ పోయాయి. రెండు నెలలు ఖాళీ రోజులు ఎక్కువే ఉన్నాయి, ఇంట్లో మాటలు పడ్డాను. ఆ తర్వాత సరుకు పాడవకుండా, చెప్పిన రోజుకు చేరాలనుకునే పార్టీలు మెల్లగా నన్నే వెతుక్కున్నాయి. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. నాకు జరిగింది మాత్రం ఇది.

ఇక మీటరున్నర మాట. మా షెడ్డు నుంచి కదిలే ప్రతి ట్రైలర్ ప్లాట్‌ఫారానికి రెండు పక్కలా, అంచు మీద నాలుగు వేళ్ల వెడల్పున ఒక పసుపు గీత ఉంటుంది. ఖాళీ తూకం, లోడు తూకం తీసి, లెక్క వేసి, ఒంటి బరువుగా ఉండే కాయిల్ గానీ బ్లాకు గానీ దాని నడుము ఎక్కడికి రావాలో అక్కడ గీస్తాం. మీ బండికీ గీయండి. పెయింటు డబ్బా, కొలత టేపు, మూడు కాటా చీటీలు చాలు. రాత్రి పదకొండింటికి, నిద్ర కళ్లతో, హారన్ల మధ్య లెక్కలు వేయనక్కర్లేదు. గీత చూపిస్తే సరిపోతుంది.

పల్నాడు అబ్బాయి మొన్న విశాఖలో కాయిల్ ఎక్కించుకున్నాడు. క్రేన్ మీద నుంచి, "ఈ పసుపు గీతేంటి తమ్ముడూ?" అని అడిగారట.

"కాయిల్ నడుము దాని మీదకు రావాలి అన్నా."

దించిన కాయిల్ గీతకు మూరెడు ముందు కూర్చుంది. వీడు చెయ్యి ఎత్తి ఆపాడు. మళ్లీ ఎత్తి, గీత మీదకు దించారు. బయటికొచ్చాక కాటా ఎక్కించి నాకు చీటీల ఫొటో పంపాడు: 5,740. 16,480. 38,960. పక్కన పెన్నుతో వాడే తీసివేతలు చేసి, హార్స్ వెనక ఇరుసు 10,740 అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.